నారింజ అంగీలో బాపు

ముందుగా తెలిసినదాన్నీ విన్నదాన్నీ వేరు చేసి పెట్టాలి. రెండూ కలిసిపోతే తరువాత విడదీయడం ఎవరి వల్లా కాదు. ఆ ఉదయం గురించి మా ఇంట్లో ఇప్పటికే చాలా కలిసిపోయింది.

తెలిసింది తక్కువ. కరీంనగర్ శివారులో, జగిత్యాల రోడ్డు పక్కన, మతిమరుపు జబ్బు ముదిరిన వృద్ధులను చూసుకునే ఒక హోమ్‌లో మా బాపు, అంటే మా నాన్న, ఉంటున్నాడు. ఆ ఉదయం అతడు హోమ్ ముందరి ఆవరణలో తిరుగుతున్నాడు. ఒంటి మీద నారింజ రంగు అంగీ ఉంది, కాళ్లకు పట్టీల బూట్లు ఉన్నాయి. గేటు తెరిచి ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళకు అతడు అదే రోడ్డులో, చాలా దూరాన, ఒక షామియానా కింద ముక్కూమొహం తెలియని మనుషుల వరుసలో కూర్చుని ఉన్నాడు. కాళ్లకు బూట్లు లేవు. నుదుట సిందూరం ఉంది. ఈ రెండు దృశ్యాల్లో రెండోదాన్ని మాత్రమే నేను కళ్లారా చూశాను.

విన్నది ఎక్కువ. బాపు వెళ్తూ వెళ్తూ "పొయ్యొస్త" అన్నాడని వాచ్‌మన్ చెప్పాడు. మరునాడు అడిగితే ఆ మాట అన్నది బాపే అని తాను చెప్పలేనన్నాడు. కొండగట్టు అంజన్న, ఆ గుట్ట మీది హనుమంతుడు, పిలిపించుకున్నాడని హోమ్‌లో పనిచేసే ఆయమ్మ చెప్పింది. కొంత దూరం సామాను ఆటోలో ఎక్కించుకున్నారని షామియానాలో ఎవరో అన్నారు, ఆ ఆటో ఎవరిదో ఎవరూ చెప్పలేదు. భజన చేసేవాళ్లకు ముందు పాడుతూ నడిచాడని మా అన్నకు ఇచ్చోడలో ఎవరో చెప్పారట. వీటిని అబద్ధాలని అనను. పరీక్షించడానికి వీలు లేనివని మాత్రం అంటాను.

ఇలా మాట్లాడడం నా వృత్తి నాకు అంటించిన అలవాటు. తాగునీటిని పరీక్షించే ప్రయోగశాలలో నా ఉద్యోగం. సీసా పట్టుకొని వచ్చినవాళ్లు "మా బోరు నీళ్లు కొబ్బరినీళ్ల లెక్క ఉంటయి మేడం" అంటారు. నేను తల ఊపి సీసా తీసుకుంటాను. ఒక నమూనాలో క్రిమి కనబడలేదంటే బావిలో క్రిమి లేదని అర్థం కాదు, ఆ సీసాలోకి రాలేదని మాత్రమే అర్థం. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చెప్పే పాఠం ఇదే. ఆ రోజు రోడ్డు మీద ఈ పాఠమే నన్ను భయపెడుతుందని నాకు తెలియదు.

బాపు కాగజ్‌నగర్ కాగితం మిల్లులో షిఫ్టుల మీద పనిచేసి రిటైరయ్యాడు. మెథడిస్టు సంఘంలో పెద్దమనిషి. అన్నం ముందర కూర్చుంటే అతని ప్రార్థన అయ్యేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. వర్షం కోసం, రోగుల కోసం, మిల్లులో రాత్రి పాళీ చేస్తున్నవాళ్ల కోసం, చివరకు మిల్లు యజమానుల బుద్ధి కోసం కూడా ప్రార్థించేవాడు. పప్పు గడ్డకట్టేది. "దేవునికి ఇన్పిస్తది, జర జల్ది చెయ్యరాదు" అని మేం అవ్వ అని పిలిచే మా అమ్మ గొణిగేది. అవ్వ పోయిన తరువాత కొన్నాళ్లు ఇచ్చోడలో అన్న దగ్గర ఉన్నాడు. అన్న ఇంటి గడప దాటితే హైవే, బాపు అటే నడిచిపోయేవాడు. రెండోసారి లారీ డ్రైవర్ ఒకడు కిందికి దిగి చెయ్యి పట్టుకొని తెచ్చి ఇంట్లో అప్పగించాక, అన్న అతణ్ణి నా దగ్గరికి తెచ్చాడు. నేను డ్యూటీకి పోతే ఇంట్లో ఎవరూ లేరు. అట్లా హోమ్‌కు చేరాడు.

మొదట్లో హోమ్ ముందరి గ్రిల్లు తలుపుకు పగలంతా తాళం ఉండేది. నేను ఎప్పుడు వెళ్లినా బాపు రెండు చేతులతో గ్రిల్లు పట్టుకొని నిలబడి ఉండేవాడు.

"గేటు మీద ఎవలున్నరు? టైమయ్యింది. అటెండెన్స్ కోస్తరు, తియ్యిరి."

హోమ్ నడిపే ఆవిడ ఒకప్పుడు నర్సుగా పనిచేసింది. నన్ను "అక్కా" అని పిలుస్తుంది. ఒకరోజు ఆవిడే ఒక మాట తెచ్చింది. పొద్దున్నా సాయంత్రం కొంతసేపు గ్రిల్లు తెరిచి, ముందరి ఆవరణలో వేపచెట్టు చుట్టూ తిరగనిస్తే వాళ్లకు మంచిదట. కోపం తగ్గుతుందట, ఆకలి పుడుతుందట, నిద్ర పడుతుందట. ఆ 'అట'లన్నీ ఎక్కడివని అడిగాను. ఆవిడ నొచ్చుకుంది. నేను చదవగలిగినంత చదివాను. ఆశ కలిగించే మాటలు చాలా కనబడ్డాయి, నన్ను పూర్తిగా ఒప్పించినవి కొన్నే. చివరకు నేను నమ్మింది కంచాన్ని. ఎండ పొడలో తిరిగిన రోజు బాపు కంచం ఖాళీ అయ్యేది. తిరగని రోజు ముద్దలు అట్లాగే ఉండేవి. తిరిగిన రోజుల్లోనే అతనికి ఇష్టమైన ఆయమ్మ డ్యూటీ ఉండేదేమో, కూర మంచిగా కుదిరిందేమో, ఆ అవకాశాలను నేను కొట్టిపారేయలేను. అయినా ఆ తలుపు తీయవద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆవరణలోకి వచ్చినవాళ్లు దూరం నుంచి కనబడాలని నారింజ రంగు అంగీలు కుట్టించిందీ ఆవిడే. పలుచని నూలు బట్ట, చెమట పట్టదు, చెట్ల ఆకుపచ్చలో, గోడ తెలుపులో ఎక్కడ ఉన్నా కంటికి కొట్టినట్టు కనబడుతుంది. ఆలోచన మంచిదే. నేనూ మెచ్చుకున్నాను. ఏడాదిలో చాలా నెలలు ఆ మెప్పుకు ఆధారం ఉంది.

చిన్న హనుమాన్ జయంతి దగ్గరపడితే జగిత్యాల రోడ్డు రంగు మారుతుంది. దీక్ష తీసుకున్న స్వాములు గుంపులు గుంపులుగా, కాళ్లకు చెప్పులు లేకుండా, కొండగట్టుకు నడుస్తారు. అందరి ఒంటి మీదా నారింజ బట్టలే. రోడ్డు పొడుగునా ఇళ్లవాళ్లు నీళ్లు పెడతారు, మజ్జిగ పెడతారు. హోమ్‌వాళ్లు కూడా ఏటా లోపల వేపచెట్టు నీడలో చల్లని నీళ్ల మట్టి రంజన్లు పెట్టి గేటు తెరిచి ఉంచుతారు. ఆ ఎండలో నీళ్లకు వచ్చినవాళ్లను గేటు బయట నిలబెట్టడం ఇక్కడ ఎవరూ ఊహించరు.

ఆ ఉదయం ఫోన్ వచ్చినప్పుడు నేను ప్రయోగశాలలో ఉన్నాను.

"అక్కా, బాపు కనిపిస్తలేడు. అన్ని రూములు దేవులాడినం. మీరు జర రారా?"

"ఎప్పటి సంది?"

ఆవిడ అదే మాట వాచ్‌మన్‌ను అడగడం నాకు ఫోన్‌లో వినబడింది. 

నేను చేరేసరికి వాచ్‌మన్ గేటు దగ్గర తల పట్టుకొని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు.

"నీళ్లకు అచ్చినోళ్లను వద్దంటమా మేడం? లోపటికి అచ్చిన్రు, తాగిన్రు, 'జై హనుమాన్' అన్నరు, పోయిన్రు. అన్ని ఒక్కతీరు అంగీలే. గా గుంపుల మన తాత అంగీ ఏదో నాకెట్ల ఎర్కైతది?"

"మొకం చూడలేదా అన్నా?"

"స్వాముల మొకాలు ఎవలు సూస్తరు? దండం వెట్టిన. తలకాయ వంచుకొనే ఉన్న."

అంటే మా బాపు గేటు దాటుతుంటే వాచ్‌మన్ అతనికి చేతులు జోడించి, తల వంచి సాగనంపాడు. కోపం రావలసిన చోట నాకు కోపం రాలేదు. భయం పక్కన ఇంకేదీ పట్టే చోటు లేదు.

బాపు ఎప్పుడు వెళ్లాడో తెలియదు. ఎటు వెళ్లాడో ఊహించాలి. స్వాములతో కలిసి వెళ్లి ఉంటే కొండగట్టు వైపు. ఆ గుంపు వెనకాల బయటికి వచ్చి తన దారిన తాను నడిచి ఉంటే ఎటైనా. హోమ్ ఆవిడ ఊరి వైపు, బైపాసు వైపు వెతకడానికి పోయింది. నేను స్కూటీ మీద జగిత్యాల వైపు బయలుదేరాను. ఆయమ్మ వెనక కూర్చుంది. సొంత ఊళ్లో మరమగ్గాల మీద ఏళ్ల తరబడి పనిచేసి, చెవులు మందగించి ఈ పనిలో చేరిన మనిషి. అందుకని గట్టిగా మాట్లాడుతుంది.

"అమ్మా, పరేషాన్ గాకు. స్వామి పిల్సుకున్నడు, స్వామే సూసుకుంటడు."

పిలిచినట్టు ఆధారం ఏమిటని నేను అడగలేదు. ఆమె కుడి పక్క చూడాలి, నేను ఎడమ పక్క చూడాలి అని మాత్రం చెప్పాను.

ఆ రోడ్డు నాకు బాగా తెలుసు. నమూనాల కోసం ఎన్నోసార్లు తిరిగాను. ఆ తెలియడమే నన్ను చంపింది. గ్రానైటు బండలు మోసుకొచ్చే లారీలు ఆ రోడ్డు మీదే పోతాయి. ఒక్కో బండ ఒక గది అంత ఉంటుంది, ఆ బరువుతో ఉన్న లారీ అనుకున్నచోట ఆగదు. రోడ్డుకు కాస్త లోపల క్వారీ గుంతలు ఉన్నాయి, వాటి నీళ్లు పచ్చగా, నిశ్చలంగా, తాగబుద్ధయ్యేట్టు ఉంటాయి. కాలువ ఉంది. కాలువ నీళ్లను నేను సీసాలో పట్టి పరీక్షించాను. ఏ చోట గట్టు జారుతుందో, దిగిన మనిషి ఏ చోట తిరిగి ఎక్కలేడో నాకు తెలుసు. బాపుకు దాహమైతే నీళ్లు కనబడ్డ చోటికి పోతాడు. ప్రతి మలుపులో ఈ ముక్క నా తలలోకి వచ్చేది.

మొదటి గుంపును అందుకున్నాను. వీపులన్నీ నారింజ. స్కూటీ మెల్లగా నడిపిస్తూ ఒక్కొక్క మొహమూ చూశాను. గడ్డాలు, విభూతి, ఎండకు చిట్లించిన కళ్లు. లేడు. ముందుకు వెళ్లాక, అవతలి పక్కన నడిచినవాళ్లను సరిగా చూశానా అని అనుమానం వచ్చింది. వెనక్కి తిప్పాను. మళ్లీ చూశాను. లేడు. నాకు కనబడలేదన్నది నిజం. అతడు అక్కడ లేడన్నది నిజమేనా? ఇట్లా ప్రతి గుంపునూ రెండుసార్లు చూస్తే బాపు నాకు అందడు. ఒక్కసారే చూస్తే వదిలేశానేమోనన్న భయం. 

అప్పుడు కాళ్లు గుర్తొచ్చాయి. స్వాములకు చెప్పులు ఉండవు. బాపుకు బూట్లు ఉన్నాయి. మొహాలు వదిలేసి కిందికి చూస్తే చాలు, అన్ని ఉత్త కాళ్లలో ఒక్క జత బూట్లు దూరం నుంచే తెలుస్తాయి.

"అమ్మా, కాళ్లు చూడు. బూట్లున్న స్వామిని చూడు."

"బూట్లున్న స్వామి ఏడుంటడమ్మా?" అంది ఆయమ్మ. మరుక్షణం అర్థమై "ఆఁ, ఆఁ" అంటూ నా భుజం గట్టిగా పట్టుకుంది.

కొంతసేపు ఆ ఆలోచన నన్ను నిలబెట్టింది. వేగం పెరిగింది. ఒక గుంపు, ఇంకొక గుంపు, పగిలిన మడమలు, దుమ్ము పట్టిన వేళ్లు, పసుపు రాసిన పాదాలు. తారు కాగి ఉంది. స్వాములు రోడ్డు అంచున మట్టి మీదికి దిగి నడుస్తున్నారు.

ఒక మజ్జిగ పందిరి దగ్గర ఆయమ్మ కేక వేసింది. స్కూటీ ఆపాను. పందిరి గుంజ పక్కన బూట్లు ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి, చక్కగా, మడమలు గుంజకు ఆనించి. హోమ్‌లో మంచం కింద పెట్టేది కూడా అట్లాగే. బూట్లు ఉన్నాయి, బాపు లేడు.

మజ్జిగ పోస్తున్న ఆడమనిషిని అడిగాను. ఆమె బూట్ల వైపు చూసి నవ్వింది.

"ఒక పెద్దస్వామియి. బూట్లేసుకొని అచ్చిండు. 'స్వామీ, కాళ్లకు గవేంది, ఇడువుండ్రి' అని వాళ్ల స్వాములే నవ్విన్రు. ఇడిసిండు. మజ్జిగ తాగి పోయిండు. మళ్ల అత్తడనుకున్న."

"ఎంతసేపయింది?"

"శాన సేపయింది. ఎవలు చూస్తరు మాతా, ఇంతమంది అత్తాంటే."

అంటే బతికి ఉన్నాడు, ఈ వైపే వచ్చాడు. ఇది ఆ రోజు నాకు దొరికిన మొదటి నమ్మదగిన సమాచారం. దానితోపాటే నా దగ్గర ఉన్న ఒక్క గుర్తూ పోయింది. ఇప్పుడు అతడు కూడా ఉత్త కాళ్ల వరుసలో ఒకడు. ఆ కాగిన తారు మీద, ముసలి పాదాలతో. బూట్లు తీసుకొని స్కూటీ డిక్కీలో పెట్టాను. అవి పెడుతుంటే, వీటిని తొడిగే అవసరం ఇక రాదేమోనన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనను ఎట్లా తోసేశానో చెప్పలేను.

ఎండ నెత్తికెక్కేసరికి రోడ్డు మీద నడిచేవాళ్లు తగ్గారు. గుంపులన్నీ నీడ చూసుకొని ఆగుతున్నాయి. ఒక మామిడితోట పక్కన పెద్ద షామియానా వేసి భిక్ష పెడుతున్నారు. లోపలికి వెళ్లాను. విస్తర్ల ముందు బారులు బారులుగా నారింజ. అందరూ చేతులు జోడించి, కళ్లు మూసుకొని, భోజనానికి ముందు చదివే శ్లోకం ఒక్క గొంతుతో చదువుతున్నారు. కళ్లు మూసుకున్న మొహాలన్నీ ఒకేలాగ ఉన్నాయి. నా తండ్రి మొహాన్ని నేను గుర్తుపట్టలేకపోతున్నానని ఆ క్షణంలో నిజంగా అనిపించింది. జబ్బు అతనిదా నాదా అన్నంత భయం వేసింది.

శ్లోకం అయిపోయింది. చేతులు విస్తర్లలోకి దిగాయి. మాటలు మొదలయ్యాయి.

రెండో బారు చివర ఒక మనిషి మాత్రం కళ్లు తెరవలేదు. చేతివేళ్లు ఒకదాంట్లో ఒకటి గుచ్చి, తల ఛాతీ మీదికి వంచి, పెదవులు కదుపుతూనే ఉన్నాడు. పక్కన కూర్చున్న పడుచు స్వామి ముద్ద చేతిలో పట్టుకొని అతని కోసం ఆగి ఉన్నాడు.

"స్వామీ, తినుండ్రి. అన్నం సల్లారిపోతాంది. మీ దండకం గింత పొడుగేంది?"

ఎదుటివాడు అందుకున్నాడు. "పెద్దస్వామి మనందరియీ కలిపి సదువుతాండు. నువ్వు తిను."

నేను అక్కడే నిలబడిపోయాను. ఆయమ్మ పోబోతే చెయ్యి పట్టి ఆపాను. చిన్నప్పటి నుంచి అలవాటైన పనే, బాపు ప్రార్థన అయ్యేదాకా ఎవరూ ముట్టకూడదు. చివరకు అతడు స్పష్టంగా "ఆమేన్" అన్నాడు. పడుచు స్వామి ఏమీ తడుముకోకుండా "జై హనుమాన్" అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

బాపు కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"కూసో బిడ్డా. క్యాంటీన్ల ఇయ్యాల పప్పు మంచిగున్నది."

ఆ గుంపుకు పెద్ద అయిన గురుస్వామి లేచి వచ్చాడు. "మాతా, ఎవలు గావాలె?"

"ఆయన మా బాపు."

"గీ స్వామా? మా ఎంబడే నడిసిండు. శాన శాంతమైన మనిషి."

"పేరు అడగలేదా?"

"మాల ఏసుకున్నంక పేరుతోటి ఏం పని మాతా? మేమెవ్వలం అడగం. అందరం స్వాములమే."

"ఆయన మెడల మాల లేదు గదా?"

గురుస్వామి మొదటిసారి బాపు మెడ వైపు పరీక్షగా చూశాడు. "తెగిపడ్డదనుకున్నం. నడకల తెగుతుంటయ్." కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "పాణం మంచిగుండదా మాతా?" అని అడిగాడు. నేను తల ఊపాను. అతడు తన విస్తరి దగ్గరికి పోకుండా, బాపు అన్నం తినేదాకా మా పక్కనే నిలబడ్డాడు. ఆ తరువాత అతణ్ణి నేను చూడలేదు. ఊరు ఏదో, పేరేమిటో నేనూ అడగలేదు. అడగకూడదేమోనన్న ఆ షామియానా మర్యాద నన్ను కూడా పట్టుకుంది.

బాపు అరికాళ్లు బొబ్బలెక్కి పగిలి ఉన్నాయి. మంట అని ఒక్కసారి కూడా అనలేదు. స్కూటీని ఆ తోట దగ్గరే వదిలి ఆటో మాట్లాడుకున్నాం, దారిపొడుగునా అతని పాదాలు నా ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను. దొరికాడన్న సంతోషం రావలసింది. కళ్ల ముందుకు వచ్చింది మాత్రం కాలువే. దొరకని బాపును నా తల ఇంకా వెతుకుతూనే ఉంది.

సాయంత్రం వీడియో కాల్‌లో అన్న బాపును చూశాడు.

"గా బొట్టు ఎవలు వెట్టిన్రు చెల్లె?"

"తెల్వదన్నా."

"తుడువు."

"తుడువబోతే చెయ్యి పట్టుకుంటుండు."

 సంఘంలో బాపు చేసిన పెద్దరికం ఇప్పుడు అన్న చేస్తున్నాడు. ఆ మాట పక్కన పెట్టి "కాళ్లెట్లున్నయ్?" అన్నాడు. చూపించాను. అన్న ఫోన్ పక్కకు తిప్పేశాడు. గోడ మాత్రమే కనబడింది, గొంతు వినబడింది. "ఇగ తాళమేయుమను. బొట్టు సంగతి ఇడిసిపెట్టు. రేపు కెనాల్ల పడితే ఎవలను అడుగుతవ్?"

నేను ఎదురు చెప్పలేదు. నా భయమూ అదే మాట అంటోంది. హోమ్‌లో ఉన్నవాళ్ల బంధువులు కూడా అదే అన్నారు. "మా అమ్మ గిట్ల పోతే మీరు తెచ్చిస్తరా?" అని ఒకాయన హోమ్ ఆవిడను నిలదీశాడు. గ్రిల్లుకు మళ్లీ తాళం పడింది, బాపు ఒక్కడికే కాదు, అందరికీ.

మొదట అతడు గ్రిల్లు పట్టుకొని అరిచాడు. అటెండెన్స్ కోస్తారన్నాడు. రాడ్లను తన్నాడు, మానుతున్న బొబ్బ మళ్లీ చిట్లింది. తరువాత అరుపు తగ్గింది. తరువాత గ్రిల్లు దగ్గరికి రావడమే మానేశాడు. మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. కంచం నిండుగానే తిరిగి వెళ్లేది.

"ఇప్పుడు నయం అక్కా, లొల్లి చేస్తలేడు," అంది హోమ్ ఆవిడ. ఆవిడ అబద్ధం చెప్పలేదు. లొల్లి నిజంగానే లేదు.

ఆ మాట విన్నప్పుడు నాకు రోడ్డు మీద కలిగినదానికన్నా ఎక్కువ భయం కలిగింది. మా ప్రయోగశాలలో నమూనా నీళ్లు వేసిన పళ్లెంలో ఏ క్రిమీ మొలవకపోతే అది రెండు సంగతుల్లో ఏదో ఒకటి చెబుతుంది. నీళ్లు శుభ్రంగా అయినా ఉండాలి, క్రిములకు మేతగా వేసిన పదార్థం చెడిపోయి అయినా ఉండాలి. తెలియనివాడు రెండింటినీ 'మంచి నీళ్లు' అని రాస్తాడు. నా ముందు ఏమీ మొలవని పళ్లెం కూర్చుని ఉంది, దాన్ని నయం అని రాసేశారు.

అన్నను రమ్మన్నాను. ఇచ్చోడ నుంచి బస్సు దిగి వచ్చాడు. బాపు ఎదుట కుర్చీ వేసుకొని చాలాసేపు కూర్చున్నాడు. బాపు అతని వైపు తిరగలేదు. అన్నను చూస్తే ఎవరో తెలియకపోయినా నవ్వే మనిషి, ఆ రోజు నవ్వలేదు. అన్న లేచి, హోమ్ ఆవిడ దగ్గర తాళంచెవి అడిగి తెచ్చి, తన చేతితోనే గ్రిల్లు తీశాడు.

"బాపూ, టైమయ్యింది. రా పోదాం."

బాపును లేపి గడప దాకా నడిపించాం. గ్రిల్లు బార్లా తెరిచి ఉంది. వేపచెట్టు కనబడుతోంది, కింద ఎండిన ఆకులు. బాపు గడప మీద ఆగిపోయాడు. ఒక పాదం ముందుకు చాచి, వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ చాచి మళ్లీ తీసుకున్నాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇంతకాలం నేను అతని కోసం భయపడ్డాను. అతడు భయపడడం నేను చూడడం అదే మొదలు.

"తాళం వద్దు చెల్లె," అన్నాడు అన్న. 

బాపు ఆ గడప దాటడానికి చాలా రోజులు పట్టింది. మిగతా బంధువులను ఒప్పించడానికి అంతకన్నా ఎక్కువ పట్టింది. నేను వాళ్లకు ఏ వాగ్దానమూ చేయలేదు, ఎవరికీ ఏమీ జరగదని చెప్పలేదు, ఎందుకంటే అది నాకు తెలియదు. మార్చగలిగినవి మార్చాం. రంజన్లు గేటు బయట, రేకుల నీడలోకి మారాయి. దీక్షల కాలంలో హోమ్‌లో ఉండే ముసలివాళ్లకు నీలం అంగీలు. వాచ్‌మన్‌కు ఆవిడ ఒక్కటే మాట చెప్పింది: "దండం వెట్టు, వద్దంట లేను. మొకం చూసి వెట్టు."

ఈ ఏడు మళ్లీ దీక్షల కాలం వచ్చింది. సెలవు పెట్టి ఉదయాలు గేటు పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాను. బాపు నీలం అంగీలో వేపచెట్టు చుట్టూ తిరుగుతున్నాడు. నుదుటి మీద ఏమీ లేదు, పాదాలకు బూట్లు ఉన్నాయి. దూరం నుంచి భజన వినబడింది. స్వాముల వరుస గోడ అవతలికి వచ్చింది. బాపు నడక ఆగింది. రోడ్డు వైపు తిరిగాడు. నేను లేచి నిలబడ్డాను.

"అందరు పోతున్నరు గదా," అన్నాడు.

"యాడికి బాపూ?"

అడగకూడనిది అడిగినట్టు నా వైపు చాలాసేపు చూశాడు. తరువాత మళ్లీ చెట్టు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

నాకు ఇప్పటికీ తెలియనిది ఒక్కటే ఉంది. ఆ రోజు బాపు ఎక్కడికైనా వెళ్లాలని బయలుదేరాడా, లేక ఒక వైపు నడుస్తున్న మనుషుల్లో ఊరికే కలిసిపోయాడా? మిల్లు గేటులోంచి షిఫ్టు మనుషుల మధ్య నడవడం జీవితమంతా చేసిన పని కాబట్టి కలిసిపోయాడని అన్న అంటాడు. పిలుపు అందింది కాబట్టి బయలుదేరాడని ఆయమ్మ అంటుంది. బాపు "క్యాంటీన్" అన్నాడు కాబట్టి షిఫ్టే అనుకున్నాడని నేను చెప్పలేను. హోమ్‌లో ఏ పూట ఏది పెట్టినా అతడు క్యాంటీన్ అనే అంటాడు. ఈ ప్రశ్న నేను ఊరికే అడుగుతున్నది కాదు. ఊరికే కలిసిపోయి ఉంటే నీలం అంగీ సరిపోతుంది. వెళ్లవలసిన చోటు ఒకటి అతని మనసులో ఉంటే ఏ రంగూ సరిపోదు, ఏదో ఒక పొద్దున మళ్లీ బయలుదేరుతాడు.

జవాబు దొరకకపోవడానికి కారణం చెప్పగలను. అతని పక్కన నడిచినవాళ్లకు అతని పేరు తెలియదు, వాళ్ల పేర్లు నాకు తెలియవు. గేటు దాటుతున్నప్పుడు చూడవలసిన మనిషి తల వంచి ఉన్నాడు. ఇక మిగిలిన సాక్షి బాపు ఒక్కడే. అతడు నా ఎదుటే తిరుగుతున్నాడు, అడిగిన ప్రతిసారీ నవ్వుతున్నాడు, ఆ ఉదయం మాత్రం అతని దగ్గర లేదు.